ఆరు బస్తాల రంగు

మా ఇంట్లో బట్టలుతికే మెషిను నడుస్తుంది. అందరిళ్ళలోనూ నడుస్తాయి గానీ, మాది నిజంగానే నడుస్తుంది. నీళ్ళు పిండే సమయానికి గోడ పక్కనుంచి బయల్దేరి, వంటింటి గుమ్మం దాకా వచ్చి, వైరు ఇక సాగక ఆగిపోతుంది. ఏలూరులో ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో మా ఆయన అడిగాడు, "పిల్లలకి మెషిన్ల ఫౌండేషన్లు పాఠం చెబుతావు కదా, మనింటి మెషిన్ని ఒకచోట నిలబెట్టలేవా?" అని. నిలబెట్టలేకపోయాను. ఎందుకు నడుస్తోందో మాత్రం చెప్పగలిగాను. లోపల తడి దుప్పటి ఒక పక్కకి ముద్దగా చేరుతుంది. డ్రమ్ము తిరుగుతుంటే ఆ ముద్ద ఎటుంటే అటు మెషిన్ని లాగుతుంది. తూర్పునుంటే తూర్పుకి, పడమరనుంటే పడమరకి, నిమిషానికి కొన్ని వందలసార్లు.

"అయితే దుప్పటి సర్దితే సరిపోద్దిగా" అన్నాడు మా ఆయన.

నేను ఎంటెక్‌లో రెండేళ్ళు చదివింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

నా బతుకుతెరువంతా ఆ దుప్పటి చుట్టూ తిరిగేదే. తాడేపల్లిగూడెం దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. సెలవు రోజుల్లో రైసు మిల్లులకీ ఐసు ఫ్యాక్టరీలకీ మెషిన్ల కింద పోసే కాంక్రీటు దిమ్మలు డిజైను చేస్తాను. పైన మెషిను ఎంత తిరిగినా కింద దిమ్మ కదలకుండా చూడటం నా పని. లెక్క మధ్యలో నా దిమ్మ తిరగడం దానికి అదనం. రోజూ పాసింజరు రైల్లో గూడెం వెళుతూ, ఎదుటి సీటాయన మంచినీళ్ళ సీసాలో లేచే అలలు చూసి పెట్టె కింద ఏ చక్రం అరిగిందో ఊహిస్తుంటాను. ఆయన సీసా సంచిలో పెట్టేసుకుంటాడు. దాహమేస్తోందని అడగొచ్చు కదా అనుకుంటాడో ఏమో.

పోయినేడు దసరా వెళ్ళిన మూడో వారంలో పెంటపాడు దగ్గరి ఒక రైసు మిల్లు యజమాని ఫోన్ చేశారు.

"మేడం గారూ, మీరు గీసిన దిమ్మ ఊగుతోందండి."

"ఏ దిమ్మండీ?"

"డ్రయ్యరు బ్లోయరు కిందదండి. తొమ్మిదేళ్ళ కిందట మీరే గీశారు. సోమవారం బ్రేకరు పెట్టి పగలగొట్టించేస్తున్నాను. మీకో మాట చెప్పడం ధర్మం కదాండి."

ఉడికించిన ధాన్యాన్ని ఆరబెట్టడానికి వేడిగాలి కావాలి. ఆ గాలిని తోసే పెద్ద ఫ్యానే బ్లోయరు. ఇనప తొడుగు లోపల పన్నెండు రెక్కల చక్రం, నిమిషానికి పద్నాలుగు వందల నలభై చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి ఇరవై నాలుగు. దాని కింద దిమ్మ నేను సొంతంగా గీసిన మొదటి డిజైను. మొదటిది కాబట్టి మర్చిపోలేను. మర్చిపోదామన్నా మేస్త్రి గారు మర్చిపోనివ్వరు.

ఆ దిమ్మ పోసింది ఆయనే. పెంటపాడు పక్క ఊరాయన, అప్పటికే యాభై దాటినవారు. నా డ్రాయింగు తిప్పి తిప్పి చూసి, "అమ్మాయి గారూ, ఈ బోల్టూ ఈ చువ్వా ఒకే చోట ఉన్నాయండి. రెంటిలో ఒకటి ఆత్మైతేనే కుదురుద్దండి" అన్నారు. నేను సిగ్గుపడి చువ్వని రెండంగుళాలు జరిపాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నాలకి కూడా ఆపనివ్వకుండా, పదహారు టన్నుల దిమ్మంతా ఒక్క విడతలో పోయించారు. మధ్యలో ఆపితే అతుకు పడుతుందని. పోసిన వారం దాకా రోజూ సైకిలు మీద వచ్చి గోనెలు తడిపి వెళ్ళారు.

యజమాని ఫోన్ పెట్టేసిన అరగంటకి మేస్త్రి గారు చేశారు.

"అమ్మాయి గారూ, మిల్లు సంగతి తెలిసిందాండి?"

"తెలిసిందండి. ఏం జరిగింది?"

"సిమెంటు తగ్గించి పోశానంటున్నారండి. మా చర్చికి గంట గోపురం కడుతున్నారండి. నాకే ఇస్తామన్నారు పెద్దలు. ఇప్పుడేమో, మిల్లు సంగతి తేలనివ్వు, అప్పుడు చూద్దాం అంటున్నారు. నేను బాప్తిస్మం తీసుకున్న చర్చండి అది. వేరేవాళ్ళు పునాది తీస్తుంటే నేను ఆదివారం ఎట్టా వెళ్ళి కూర్చోనండి?"

ఆయన నన్ను ఏమీ చెయ్యమనలేదు. సోమవారానికి మూడు రోజులుంది.

శనివారం కాలేజీ ల్యాబులోంచి కంపనాలు కొలిచే మీటరూ, వేగం కొలిచే మీటరూ సంతకం పెట్టి తీసుకుని మిల్లుకి వెళ్ళాను. తొమ్మిదేళ్ళ కిందట ఆ మిల్లు చుట్టూ వరి చేలు. ఇప్పుడు ప్రహరీని ఆనుకునే చేపల చెరువు. గట్టు మీద కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. గేటు బయట, తన సైకిలు పక్కన, మేస్త్రి గారు కూడా అలాగే నిలబడి ఉన్నారు.

"లోపలికి రారేంటండీ?"

"పిలవలేదండి."

నేను పిలిచాను. మిల్లు నాది కాకపోయినా దిమ్మ మా ఇద్దరిదీ కదా.

యజమాని మర్యాదస్తుడు. టీ తెప్పించి, బిస్కెట్లు పెట్టించి, ఆ తర్వాతే తిట్టడం మొదలెట్టారు. అదీ అండీలు చేర్చి. ముందు ఒక స్టీలు గ్లాసులో అంచు దాకా నీళ్ళు పోసి దిమ్మ మీద పెట్టించారు. బ్లోయరు వేయగానే నీళ్ళ మీద గుండ్రటి గీతలు లేచాయి. ఒకదానిలో ఒకటి, సన్నగా, వణుకుతూ. నాకు ముచ్చటేసింది. అది మొహంలో కనిపించినట్టుంది.

"మేడం గారు నవ్వుతున్నారేంటండీ?"

"నవ్వలేదండి, లెక్కపెడుతున్నాను."

నాతో వచ్చిన చిక్కే ఇది. మనుషులు నన్ను పెద్దగా లెక్కచెయ్యరు. లెక్కలు మాత్రం చేయిస్తారు.

"ఎప్పట్నుంచీ ఇలా ఉందండీ?" అని అడిగాను.

యజమాని బ్లోయరు ఆపరేటర్ వైపు చూశారు. నలభై ఏళ్ళ మనిషి, నుదుట పెద్ద కుంకం బొట్టు, మిల్లు పెట్టిన రోజు నుంచీ ఆ బ్లోయరు చూసేది ఆయనే. "ఏటా దసరా వెళ్ళాక కొంచెం పెరుగుద్దండి" అన్నాడు. "తర్వాత అలవాటైపోద్దండి. ఈసారి మరీ ఎక్కువైందండి, ఆయ్."

నాకు వెంటనే అర్థమైపోయింది. నాకు వెంటనే అర్థమైపోయినవన్నీ తప్పులే అని ఈ వయసుకి తెలిసి ఉండాల్సింది. దసరా అంటే వానలు పడి నేల నానిన కాలం. పక్కన చెరువు వచ్చింది. ఇక్కడిది కొల్లేటి వైపు సాగే నల్ల బంకమట్టి, నీళ్ళు తగిలితే మెత్తబడుతుంది. కింద నేల మెత్తబడితే దిమ్మ ఊగదా మరి? మేస్త్రి గారిని తప్పించాను, తప్పు మట్టిది అనుకుని, చెరువు గట్టు మీదికెళ్ళి గంభీరంగా నేలని మడమతో నొక్కి చూశాను. కొంగలు ఎగిరిపోయాయి.

అయితే ఊహ ఊహే, కొలిచి చూడాలి. ప్రతి దిమ్మకీ తనకంటూ ఒక ఊపు ఉంటుంది. ఉయ్యాలని ఎంత గట్టిగా తోసినా దాని లయలోనే అది ఊగినట్టు. మెషిను వేగం ఆ లయకి కలిస్తే దిమ్మ ఒళ్ళు విరుచుకుంటుంది. మా దిమ్మ లయ నిమిషానికి ఏడు వందల దగ్గర ఉంటుందని అప్పట్లో లెక్క కట్టాను. నేల మెత్తబడితే ఆ అంకె కిందికి జారాలి. కాంక్రీటు పగిలి వదులైనా జారాలి.

"ఒకసారి బ్లోయరు వేసి, పూర్తి వేగం అందుకున్నాక కరెంటు తీసేయండి" అన్నాను.

తీసేశారు. చక్రం నెమ్మదిస్తూ వచ్చింది. ఒక మీటరు నా చేతిలో, ఇంకోటి మేస్త్రి గారి చేతిలో. వెయ్యి, తొమ్మిది వందలు, ఎనిమిది వందలు అని ఆయన చదువుతున్నారు. గ్లాసులో గీతలు సన్నబడుతూ, ఉన్నట్టుండి మళ్ళీ లేచాయి, ఒక్క క్షణం దిమ్మ మొత్తం ఝల్లుమంది.

"ఎంతండీ?"

"ఏడు వందల పదండి."

తర్వాత అంతా సద్దుమణిగింది. మూడుసార్లు చేయించాను. మూడుసార్లూ ఆ చుట్టుపక్కలే. అంటే మట్టి మారలేదు, దిమ్మ మారలేదు. తొమ్మిదేళ్ళ కిందట కాగితం మీద నేను రాసిన చోటే ఉంది. నా చెరువు సిద్ధాంతం చెరువులో పడింది. కొంగలకి క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

"అయితే ఏంటండీ?" అన్నారు యజమాని.

"ఊగేవాడు మారలేదండి. ఊపేవాడు మారాడు."

ఆఫీసు గదిలో కూర్చుని, సంచిలో ఉన్న పరీక్ష జవాబు కాగితం వెనక లెక్క మొదలెట్టాను. మామూలుగా ఈ లెక్క ఇటు నుంచి అటు వెళుతుంది. చక్రం మీద ఒక పక్క ఎంత బరువు ఎక్కువుందో, అది నడిబొడ్డుకి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో తిరుగుతోందో తెలిస్తే, అది దిమ్మని ఎంత బలంగా లాగుతుందో వస్తుంది. ఇందులో గడుసుది వేగం. బరువు రెట్టింపైతే బలం రెట్టింపు అవుతుంది, కానీ వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. ఈసారి అటు నుంచి ఇటు రావాలి. దిమ్మ ఎంత ఊగుతోందో మీటరు చెప్పింది. మొత్తం కలిపి వెంట్రుక మందంలో సగం. పదహారు టన్నుల దిమ్మని ఆ మాత్రం ఊపాలంటే ఎంత బలం కావాలి, ఆ బలం రావాలంటే రెక్క మీద ఎంత బరువుండాలి?

"నాలుగు వందల గ్రాములండి" అన్నాను. "ఓ యాభై అటూ ఇటూ."

యజమాని నన్ను జాలిగా చూశారు. "మేడం గారూ, నాలుగు వందల గ్రాములంటే మా ఇంట్లో కందిపప్పు డబ్బాలో సగం లేదండి. అది పదహారు టన్నుల్ని ఊపుద్దాండి?"

"ఊరికే కూర్చుంటే ఊపదండి. అర మీటరు దూరంలో, సెకనుకి ఇరవై నాలుగు చుట్లు తిరిగితే ఊపుద్ది. వంద గ్రాములు బస్తాన్నర ధాన్యంతో సమానం. నాలుగు వందలు ఆరు బస్తాలు. ఆరు బస్తాలు కట్టి మీ దిమ్మని అటోసారి ఇటోసారి లాగుతున్నట్టండి, సెకనుకి ఇరవై నాలుగు సార్లు."

బస్తాల్లో చెప్పేసరికి ఆయన మొహం మారింది. న్యూటన్లలో చెప్పి ఉంటే బిస్కెట్లు కూడా తీసేసేవారు.

"తొమ్మిదేళ్ళ నుంచి ఆగిందంటే గట్టి దిమ్మేనండి" అన్నారు మేస్త్రి గారు, ఎవరితోనూ కాకుండా, కిటికీతో.

సరే, ఆ నాలుగు వందల గ్రాములు ఎక్కడివి? రెక్క ముక్క ఊడిందా? కందిరీగలు గూడు కట్టాయా? బోల్టేదైనా ఇరుక్కుందా? నాకు ఆ క్షణంలో సోమవారం, బ్రేకరు, గోపురం అన్నీ మర్చిపోయేంత ఆత్రంగా ఉంది. తొడుగు అడుగున, దుమ్ము తీయడానికి ఒక చిన్న తలుపుంది. దాన్ని తెరిపించాను.

తలుపు తీయగానే పసుపూ ఎరుపూ మెరిశాయి. మిగతా రెక్కలన్నీ బూడిద రంగులో ఉంటే, సరిగ్గా తలుపు ఎదురుగా ఉన్న ఒక్క రెక్క మాత్రం పెళ్ళికూతురిలా ఉంది. రెండు వైపులా దట్టంగా రంగు, దాని మీద పసుపు, కుంకం, గంధం, వాటికి అతుక్కుని గట్టిపడిన ధాన్యం దుమ్ము.

"ఇదేంటండీ?" అన్నాను ఆపరేటర్‌తో.

"దసరా పూజండి. ఏటా ఆయుధపూజకి మిషన్లన్నిటికీ రంగేస్తాం కదాండి. లోపల చెయ్యి పట్టదు. తలుపు దగ్గరికి ఏ రెక్క వస్తే దానికి వేస్తానండి. రెండు చేతుల రంగు, ఆపైన బొట్టు."

"మరి ఒక్క రెక్కకే ఉందే?"

ఆయన గొంతు తగ్గించాడు. "అదేనండి విశేషం. ఏ ఏడు ఆపినా ఈ తల్లే వచ్చి తలుపు ఎదురుగా నిలబడుద్దండి. పన్నెండు రెక్కల్లో ఈవిడే. అమ్మవారు ఇక్కడ కూర్చుందండి."

నేను ఆ రెక్కని చూస్తూ ఉండిపోయాను. మొదటి దసరాకి ఏ పిసరు తేడాకో ఆ రెక్క కిందికి వచ్చి ఆగి ఉంటుంది. రంగు పడింది, బరువెక్కింది. బరువెక్కింది కాబట్టి మరుసటేడు కూడా అదే కిందికి వచ్చింది. మళ్ళీ రంగు. భక్తి పెరిగినకొద్దీ బరువు, బరువు పెరిగినకొద్దీ మహిమ. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్న పాఠం ఇంత చక్కగా ఏ పుస్తకంలోనూ చదవలేదు.

దాన్ని ఆయనతో ఎలా చెప్పాలో మాత్రం తోచలేదు. నా బదులు మేస్త్రి గారు వంగి, చేత్తో చక్రాన్ని సగం చుట్టు తిప్పి వదిలారు. అది ఊగి ఊగి మళ్ళీ అదే రెక్కని తలుపు ముందుకి తెచ్చింది. ఇంకోసారి తిప్పారు. మళ్ళీ అదే.

"చూశావా, బరువు కిందికి లాగుతోందిరా అబ్బాయ్" అన్నారు.

"నువ్వు చర్చి మనిషివి బాబాయ్, నీకట్టాగే కనపడుద్ది."

"మీ అమ్మవారు గొప్పదే. కానీ నా దిమ్మని ఊపేస్తోందిగా. పన్నెండుమందికి పెట్టాల్సిన చీరలు ఒక్కావిడకే కడితే మిగతా పదకొండుమందీ ఊరుకుంటారా?"

యజమాని ఫక్కున నవ్వారు. ఆపరేటర్ నవ్వలేదు. కాసేపు రెక్కనే చూసి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొచ్చి, "వేరేవాళ్ళు ముట్టుకోవద్దండి. నేనే తీస్తాను" అన్నాడు.

గీకడానికి గంటన్నర పట్టింది. అరిటాకు పరిచి, ఊడిన ప్రతి పెచ్చూ దాని మీద పెట్టాడు. పెచ్చు అంచున పొరలు కనిపిస్తున్నాయి. ఎరుపు, పసుపు, నీలం, మళ్ళీ ఎరుపు. "ఈ నీలం గేటుకి వేయగా మిగిలిందండి" అని గుర్తు చేసుకుంటున్నాడు. "ఈ ఆకుపచ్చ మా అమ్మాయి పుట్టినేడు." తొమ్మిది దసరాలు లెక్కకి వచ్చాయి.

మిల్లులో నూకల శాతం చూడటానికి గ్రాముల కాటా ఉంటుంది. దాని మీద ముందు ఖాళీ అరిటాకు తూచి, తర్వాత పెచ్చులతో తూచాం. నాకు పరీక్ష ఫలితాల రోజు గుర్తొచ్చింది. మూడు వందల తొంభై రెండు గ్రాములు.

నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను. ఇంకెవరూ కొట్టకపోతే ఆపేశాను.

ఆపరేటర్ చక్రాన్ని చేత్తో తిప్పి వదిలాడు. ఈసారి వేరే రెక్క తలుపు ముందుకి వచ్చి, ఊగకుండా ఆగింది. ఇంకోసారి తిప్పితే ఇంకో రెక్క. ఆయన చాలాసేపు చూశాడు. "వీళ్ళని తొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారండి చూడటం" అన్నాడు. పెచ్చుల్ని కాలవలో కలుపుతానంటే, చేపల చెరువులకి నీళ్ళు వెళ్ళే కాలవని గుర్తు చేశాను. స్టీలు డబ్బాలో పోసి స్విచ్చు బోర్డు పైన పటం పక్కన పెట్టుకున్నాడు.

గ్లాసు మళ్ళీ దిమ్మ మీద పెట్టి బ్లోయరు వేశారు. నీళ్ళ మీద పైకప్పు రేకుల నీడ కనిపించింది. రేకుల్లో ఉన్న ఒక చిల్లు కూడా. నీడ వణకలేదు.

యజమాని గ్లాసు దగ్గర వంగి చూసి, "అయితే దిమ్మ బాగానే ఉన్నట్టాండి?" అన్నారు.

"మొదట్నుంచీ బాగానే ఉందండి" అన్నాను.

మేస్త్రి గారు దిమ్మ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. జ్వరం చూసినట్టు. "ఆ మాట నాతో కాదండి. మా సంఘ పెద్దలతో చెప్పాలి. మీ నోటితోనేనండి" అన్నారు. ఆయన అంత సూటిగా ఎవరినైనా ఏదైనా అడగడం నేను వినలేదు. యజమాని ఒక నిమిషం ఇబ్బందిపడి, ఫోన్ తీసి, అక్కడే నిలబడి నంబరు కలిపారు. "ఏవండీ, మిల్లు నుంచండీ. ఆ దిమ్మ సంగతండి. పొరపాటు మాదేనండి. మేస్త్రి గారు పోసింది బండరాయండి, రాయి" అన్నారు. అవతలి వాళ్ళు ఏమన్నారో వినపడలేదు. మేస్త్రి గారు మాత్రం ఫోన్ పెట్టేసేదాకా దిమ్మ మీంచి చెయ్యి తీయలేదు.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం ఆయన ఏలూరులో మా ఇంటికి వచ్చారు, చర్చి నుంచి అటే, ఇస్త్రీ చొక్కాలో. గంట బరువు, చుట్టుకొలత, గోపురం ఎత్తు రాసిన కాగితం బల్ల మీద పెట్టారు.

"తిరిగేది కాదు, ఊగేదండి. దీనిక్కూడా బలం ఉంటుందాండి?"

"ఉంటుందండి. ఎంత వంగేలా లాగుతారో కూడా చెప్పాలి."

"పండగ పూట మావాళ్ళ ఉత్సాహాన్ని బట్టండి."

లోపల బట్టల మెషిను బయల్దేరిన చప్పుడు వినిపించింది. ఆయన తల తిప్పి, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిన దాన్ని చూసి, నా వైపు చూసి, మర్యాదకి టీ గ్లాసులోకి చూశారు. టీ తాగి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు.

"అమ్మాయి గారూ, ఇంకోటండి. ప్రతి క్రిస్మస్‌కీ మావాళ్ళు గంటకి రంగేస్తారండి. అదీ లెక్కలో వేసుకోండి."

కాగితం మీద గంట బరువు కింద ఒక గీత గీసి, "రంగు" అని రాసుకున్నాను.